కాటా మీద జిమ్నీ

క్యాంపింగ్ కోసం బండి కట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ బంపర్ మంచిది, ఏ లైట్లు మంచివి అని. నేను వాళ్లకు ముందు రెండు అంకెలు చెబుతాను. మారుతీ జిమ్నీ మాన్యువల్ గేర్ల మోడల్ ఖాళీ బరువు 1195 కిలోలు. మనుషులూ సామానూ అన్నీ ఎక్కాక 1545 దాటకూడదని కంపెనీ లెక్క. మధ్యలో మిగిలేది 350. ఆ బండితో మీరు ఏం చేయాలనుకున్నా ఆ 350 కిలోల్లోనే చేసుకోవాలి.

ఇద్దరు మనుషులు ఎక్కితే 130 పోయినట్టే. ఇక మిగిలిన 220తో బజారుకు వెళ్లండి. ఇనప బంపర్ 40 కిలోలు, దానికి బిగించే వించి ఇంకో 30, టాప్ మీద క్యారియర్ 30, ఆ క్యారియర్ మీద మడిచి పెట్టే గుడారం 55, రెండో బ్యాటరీ 25, చిన్న ఫ్రిజ్ 18, రెండు క్యాన్ల నీళ్లు 40. బరువులు అటూ ఇటూగా ఉంటాయి గానీ వరసగా కూడుకుంటూ పోతే బట్టల సంచి, బియ్యం డబ్బా ఎక్కకముందే లెక్క దాటిపోతుంది. ఇవన్నీ తగిలించిన బండ్లు ఫొటోల్లో బాగుంటాయి. మట్టిదారిలో అవే ముందు దిగబడతాయి.

ఈ జాతి బండి పుట్టుకే తేలికదనంలో ఉంది. 1970లో సుజుకీ తొలి జిమ్నీని జపాన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు అక్కడి చిన్నకార్ల చట్టం పొడవు 3 మీటర్లు, ఇంజిన్ 360 సీసీ దాటనిచ్చేది కాదు. వీళ్ల ఇంజిన్ 359 సీసీ. స్టెప్నీని వెనక తగిలిస్తే 3 మీటర్లు దాటుతుందని దాన్ని బండి లోపలే, కూర్చునే చోటు ఒకటి తగ్గించుకుని మరీ పెట్టారు. మొత్తం బండి దాదాపు 600 కిలోలు. అంత చిన్న ఇంజిన్‌తో కొండలెక్కగలిగిందంటే మోయాల్సిన బరువు లేకపోవడం వల్లే. మనకు 1985 చివర్లో వచ్చిన జిప్సీదీ ఇదే వంశం. 970 సీసీ ఇంజిన్, ముందూ వెనకా కమాన్ కట్టలు, పైన గుడ్డ టాపు. కమాన్ల వల్ల నడుములు విరిగేవని తిట్టుకున్నవాళ్లు కూడా అది ఎక్కలేని దారి లేదని ఒప్పుకుంటారు. 2019లో మామూలు అమ్మకాలు ఆగిపోయాక కూడా సైన్యం దాన్ని వదల్లేదు. 2023 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి కమాన్లు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఛాసిస్, గట్టి యాక్సిళ్లు, లో గేరు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిన గుణాన్ని ఒక్క ఆదివారం వెల్డింగ్ షాపులో పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

మా నంద్యాల చుట్టుపక్కల చాలావరకు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, ఒక్క వాన పడితే బంక. ఆ బంక టైరు గీతల్లో కూరుకుపోయి నాలుగు చుట్లు తిరిగేసరికి గీతలున్న టైరుకీ లేని టైరుకీ తేడా ఉండదు. ఇంకొంచెం పోతే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు కూడా నిండిపోయి చక్రం తిరగనని మొరాయిస్తుంది. ఇలాంటి చోట పైపొర కింద నేల ఇంకా గట్టిగానే ఉంటుంది. తేలిక బండి ఆ పైపొర మీద జారుతూనైనా దాటుతుంది. బరువు బండి దాన్ని చీల్చుకుని కిందికి దిగి యాక్సిల్ మీద కూర్చుంటుంది. మా వైపు రైతులు వాన వెలిశాక ఒకటి రెండు రోజులు ట్రాక్టరునే చేలోకి దించరు. వాళ్లు ఆగినచోట మనమూ ఆగడం అన్నిటికన్నా మంచి ఏర్పాటు, దానికి బరువూ లేదు, ఖర్చూ లేదు.

టైర్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్ద మడ్ టైర్లు అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన సైజులోనే ఆల్ టెరైన్ రకం వేసుకుంటే చాలు. టైరు ఎత్తు పదో వంతు పెరిగితే గేర్లన్నీ అంత మేరకు బలహీనపడతాయి, స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి 110లో పోతుంటుంది, బ్రేకులకు పని పెరుగుతుంది. ఇసుకలోనో మెత్తటి మట్టిలోనో కావాల్సింది టైరులో గాలి తగ్గించడం. 18 పీఎస్ఐకి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టాలి. అందుకు గాలి మీటరు, బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసర్ ఉంటే సరిపోతుంది. రెండూ కలిపి మూడు కిలోలు. బండికి నేను పెట్టిన ఖర్చుల్లో వీటికి పెట్టిందే మొదటిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లను కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

టాప్ సంగతికి వద్దాం. జిమ్నీ వెడల్పు 1645 మిల్లీమీటర్లు, ఎత్తు 1720. వెడల్పు కన్నా ఎత్తే ఎక్కువ. అలాంటి బండి నెత్తిన 85 కిలోల క్యారియర్, గుడారం పెట్టి అడ్డంగా వాలిన బాటలో నడిపితే ఏమవుతుందో ఇంజనీరు చెప్పక్కర్లేదు, ఏజెన్సీలో సంతలకు జీపులు నడిపే డ్రైవర్లు చెబుతారు. టాప్ మీద జనాన్నీ మూటలనూ ఎక్కించుకుని ఘాట్ దిగేటప్పుడు వాళ్లు స్టీరింగ్ ఎంత మెల్లగా తిప్పుతారో పాడేరు వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. టాప్ ఎంత మోయగలదో బండితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తెరవరు. నేను టాప్ మీద పెట్టేది చుట్టిన టార్పాలిన్ ఒక్కటే. దాన్ని పక్కకు లాగి రెండు కర్రలకు కడితే వంటకు నీడ.

గుడారం పైన లేదు కాబట్టి పడక లోపలే కావాలి. అందరూ చేయించేది ప్లైవుడ్ బల్ల. 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎనిమిదడుగుల నాలుగడుగుల షీటు 23 కిలోల దాకా ఉంటుంది, 18 మిల్లీమీటర్లదైతే 35కి తగ్గదు. దాని కింద పెట్టెలు, పెట్టెలకు సొరుగులు, సొరుగులకు ఇనప చానళ్లు. మా ఇంట్లో ఈ చర్చ సాగుతుంటే పక్కనే కూర్చుని వింటున్న మా అత్తయ్య, "బల్ల ఎందుకమ్మాయీ, నవారు అల్లుకోండి" అంది.

ఆ మాటతోనే మా బండి పని దారిలో పడింది. వడ్రంగి మేస్త్రీ అల్యూమినియం చదరపు పైపుతో చట్రం చేశాడు. వెనక సీట్లు మడిచాక జిమ్నీ లోపల అడుగు సమంగా ఉండదు, సీటు వీపు దగ్గర ఎత్తు, డిక్కీ వైపు పల్లం. అందుకని మంచానికి ముందు కోళ్లు పొట్టి, వెనక కోళ్లు పొడుగు. పక్క సీటును ముందుకు జరిపితే ఆరడుగులకు చోటు దొరుకుతుంది. అల్లడం అత్తయ్య దగ్గరుండి చేయించింది. ముందు నిలువు వరసలన్నీ లాగి కట్టాలి, తర్వాత అడ్డం వరస ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పోనివ్వాలి. ప్రతి వరసకూ పట్టె మీద మోకాలు ఆనించి లాగకపోతే పడుకున్న రాత్రే మధ్యలో జారిపోతుందని పట్టుబట్టింది. పైపు అంచు నవారును కోయకుండా పాత సైకిల్ ట్యూబు చీల్చి చుట్టించింది కూడా ఆవిడే. ప్లైవుడ్ బల్ల అనుకున్నచోట ఈ మంచం బరువు దాంట్లో మూడో వంతు కూడా లేదు. కింద సామాను పెట్టెలు, మధ్యలో గాలి. పరుపు కింద చెమ్మ చేరదు.

చెమ్మ విషయం తేలిగ్గా తీసుకునేది కాదు. మూసిన బండిలో ఇద్దరు రాత్రంతా ఊపిరి వదిలితే తెల్లారేసరికి అద్దాల నుంచి నీళ్లు కారతాయి. లంబసింగి చలిలో అయితే పైకప్పు కూడా తడిసిపోతుంది. రెండు వైపులా అద్దాలు రెండు వేళ్ల మందం దించి దోమతెర గుడ్డ తొడిగితే సరి. తలుపు పైభాగానికి దిండు గలీబులా తొడిగే ఆ గుడ్డ ఎవరైనా టైలరు కుట్టిస్తాడు. చలిగా ఉందని బండి లోపల పొయ్యి వెలిగించడం గానీ నిప్పుల కుంపటి పెట్టుకోవడం గానీ ఎప్పుడూ చేయవద్దు. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ పెట్టుకుని నిద్రపోవడం కూడా అంతే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాళ్లకు అది వచ్చినట్టే తెలియదు. నాకు ఈ సరదా అంటే ఎంత ప్రాణమో, ఈ ఒక్క విషయంలో అంత భయం.

కరెంటు గురించి రెండు మాటలు. ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి ఫ్రిజ్ అవసరం లేదు. పెరుగన్నం, పులిహోర, పచ్చళ్లు, పొడులు ఉన్న ఇల్లు మనది. లైటుకూ ఫోన్లకూ చిన్న బ్యాటరీ పెట్టె చాలు. ఎవరైనా బండి బ్యాటరీ నుంచి వెనక్కు వైరు లాగించుకుంటే బ్యాటరీ దగ్గరే, జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టించండి. వైరు ఎక్కడైనా ఇనుముకు రాసుకుని తొడుగు తెగితే ఆ ఫ్యూజే బండిని మంటల నుంచి కాపాడేది.

చట్టం కూడా మన లెక్కకే దగ్గరగా ఉంది. ముందు తగిలించే బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బుల్ బార్ల మీద నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. రోడ్డు దాటే మనిషికి తగిలేది ఆ ఇనప కమ్మే. మా మంచానికి మేస్త్రీ బండిలో ఒక్క రంధ్రం కూడా వేయలేదు. సామాను కట్టుకునే కొక్కేలకు నవారు పట్టీలతోనే బిగించాడు. రెండు బకిల్స్ విప్పితే మంచం బయటికి వస్తుంది, బండి షోరూం నుంచి వచ్చినట్టే ఉంటుంది.

ఇక కాటా. నంద్యాల అంటే సోనామసూరి, సోనామసూరి అంటే మిల్లులు, మిల్లులుంటే వేబ్రిడ్జి తప్పదు. బయల్దేరేముందు సామానంతా ఎక్కించి, మేమిద్దరం కూర్చుని, బండిని అక్కడికి తీసుకెళ్తాం. లారీల వెనక వరసలో నిలబడితే గుమాస్తా కిటికీలోంచి "ఏం లోడక్కా?" అని అడుగుతాడు. "మంచం, పొయ్యి, నీళ్లు" అంటే రసీదు మీద సరుకు గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేస్తాడు. ముందు మొత్తం బండి తూస్తాం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా జరిపి మళ్లీ తూస్తాం. సామానంతా డిక్కీలో కుక్కితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, రాత్రి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడతాయి. రసీదులో తేడా కనబడగానే నీళ్ల క్యాను డిక్కీలోంచి తీసి ముందు సీటు వెనక్కి జరుపుతాం. లారీవాళ్లకు రోజూ ఉండే పనే ఇది. క్యాంపింగ్ బండ్లవాళ్లు కూడా అలవాటు చేసుకుంటే బజారులో కొనేవాటిలో సగం కొనకుండానే వదిలేస్తారు.

ఎక్కడ ఆపుకోవాలన్నది ఇంకో వారం రాయాల్సినంత ఉంది. నల్లమలలో బండి ఆపి పడుకోవడం కుదరదు, అది పులుల అభయారణ్యం, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లనే వదలరు. గండికోటలో పెన్నా లోయ అంచున గుడారాలు వేసేవాళ్లు ఎక్కువే గానీ, ఆ అంచు దగ్గర రాత్రి బండి కదపకూడదు. మాకు నచ్చేది కొలిమిగుండ్ల వైపు, బెలుం గుహలకు పోయే దారిలో, ఎవరైనా రైతును అడిగి కళ్లం పక్కన ఆపుకోవడం. కళ్లం నేల అలికి గట్టిపడి ఉంటుంది, నీళ్ల మోటారు దగ్గరే, కుక్కలకు మన సంగతి ఆయనే చెబుతాడు.

అత్తయ్య ఈ చలికాలం తనూ వస్తానంటోంది. బెలుం గుహలు ఎన్నేళ్లుగానో చూడాలనుకుంటోందట. ఆవిడ బరువు 55. అంతకన్నా పెద్ద చిక్కు, వెనక సీటు ఒకటి లేపాలి, లేపితే మంచం పట్టదు. చట్రాన్ని నిలువునా రెండుగా కోయించి, సగం సీటు పక్కన ఉండేలా, రాత్రి సీటు మడిచాక రెండో సగం తగిలించుకునేలా చేయగలవా అని మేస్త్రీని అడిగాను. రెండు చట్రాలైతే మధ్య పట్టె దగ్గర నవారు విడివిడిగా అల్లాలి, ఆ బిగువు అతుకు దగ్గర నిలుస్తుందా అని ఆయన సందేహం. నిలుస్తుందని అత్తయ్య అంటోంది. లోపల ఆవిడ ఒక్కతే పడుకుంటుంది, మేమిద్దరం టార్పాలిన్ కింద. పొయ్యి ఒకటే తీసుకెళ్తాం, మడత కుర్చీలు ఇంట్లోనే ఉంటాయి, నీళ్లు ఒక క్యానే, రెండోది కొలిమిగుండ్లలో నింపుకుంటాం. కాగితం మీద లెక్క 1520 దగ్గర తేలింది. శుక్రవారం మిల్లుకు వెళ్లి చూడాలి.