తపాలు బల్ల, ఇన్‌బాక్సు

ఆఫీసు మెయిల్‌ను అదుపులో పెట్టుకోవడం మీద వచ్చిన సలహాల్లో ఎక్కువ ప్రచారం పొందింది 'ఇన్‌బాక్స్ జీరో'. అమెరికన్ రచయిత మెర్లిన్ మాన్ 2006లో తన '43 ఫోల్డర్స్' సైట్‌లో రాసి, 2007లో గూగుల్‌లో ఉపన్యాసంగా చెప్పిన పద్ధతి ఇది. దీని పక్కన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఆంధ్ర జిల్లాల కలెక్టరేట్లకు సంక్రమించిన, ఆఫీసు కాగితాలను నడిపే టాటెన్‌హామ్ పద్ధతిని పెట్టి చూడాలని ఎప్పటినుంచో నా కోరిక. వచ్చిన కాగితం మరుగున పడకూడదన్నదే రెండింటి పట్టుదల.

పోలికలు ఆశ్చర్యపరుస్తాయి. తెరిచిన ప్రతి మెయిల్‌నూ తీసెయ్యాలి, ఇంకొకరికి అప్పగించాలి, జవాబు రాయాలి, వాయిదా వెయ్యాలి, లేదా పని అక్కడికక్కడే చేసెయ్యాలి అంటాడు మాన్. ఆయన సైట్ పేరులోని 43 కూడా వాయిదాల లెక్కే: రోజులకు 31, నెలలకు 12 ఫోల్డర్లు. టాటెన్‌హామ్‌లో ఆ పని రిమైండర్ డైరీది. ఇప్పట్లో కదపక్కర్లేని ఫైలైతే కాల్ బుక్‌లోకి పోతుంది. ఈనాడు జీమెయిల్‌లో స్నూజ్ నొక్కేవాళ్లు చేసేదీ అదే, కాకపోతే పైవాడు తిరగేసి చూసే పుస్తకం ఉండదు.

అసలు తేడా అక్కడే ఉంది. మాన్ ఒక్క మనిషితో మాట్లాడతాడు, టాటెన్‌హామ్ మొత్తం ఆఫీసుతో. తపాలు విప్పగానే తేదీ ముద్ర, కరెంటు నంబరు (వచ్చిన కాగితానికి వేసే సంఖ్య) పడతాయి. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కి, ఫలానా సీటు గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి చేరుతుంది. ఇక ఆ కాగితానికి జవాబుదారీ ఆ ఒక్కరే. ఏది ఎవరి బల్ల మీద ఆగిందో సూపరింటెండెంటు రిజిస్టరు చూసి చెప్పగలడు. మెయిల్ సంగతి చూడండి. పదిమందికి సీసీ పెట్టిన ఉత్తరాన్ని పదిమందీ చదివి ఆర్కైవ్ చేస్తారు. పది ఇన్‌బాక్సులూ శుభ్రం, పని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు! మాన్ పద్ధతిలో ఈ తప్పును పట్టుకునే చోటే లేదు.

వెతుకులాటలో మాత్రం పాత రిజిస్టర్లు ఓడిపోయాయి. ఐబీఎం పరిశోధకులు 2011లో 345 మంది చేసిన 85 వేలకు పైగా మెయిల్ వెతుకులాటలను పరిశీలిస్తే, ఓపిగ్గా ఫోల్డర్లు కట్టుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. సెర్చ్ పెట్టె చాలు. అయితే అది ఉత్తరాన్ని చూపిస్తుందే తప్ప, దాని బాధ్యత ఎవరిదో చెప్పదు.

టాటెన్‌హామ్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నంబరు పడినంత మాత్రాన కాగితం కదలదని అర్జీ పెట్టినవాళ్లందరికీ తెలుసు. ఓ కొర్రీ వేసి తిప్పి పంపితే గుమాస్తా లెక్కలో పెండింగు తగ్గుతుంది, అర్జీదారు మళ్లీ మొదటి మెట్టు ఎక్కాలి. 'మీ అభిప్రాయం చెప్పండి' అని మెయిల్ ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకునే మేనేజరు కూడా ఈ గుమాస్తాకి తమ్ముడే. బల్ల ఖాళీ కావడమే పని అనుకుంటే రెండు పద్ధతులూ మోసానికి లొంగుతాయి. 'జీరో' అన్నది మెయిళ్ల లెక్క కాదనీ, ఇన్‌బాక్సులో మన బుర్ర ఎంత ఇరుక్కుందన్నదే లెక్క అనీ మాన్ స్వయంగా చెప్పాడు. జనం వినలేదు. ఈ పద్ధతి మీద పుస్తకం రాయడానికి ఒప్పుకుని, 2011లో ఓ వ్యాసం రాసి ఆ పుస్తకాన్ని వదిలేశాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఎవరికైనా మెయిల్ అప్పగించే ముందు నేను అరువు తెచ్చుకునేది మాత్రం టాటెన్‌హామ్ నుంచే: ఒక కాగితం, ఒక పేరు. ఎన్ఐసీ తయారుచేసిన ఈ-ఆఫీసు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. అందులో నంబరూ ఉంది, ఫైలు ఎవరెవరి చేతులు మారిందో కనిపిస్తుంది కూడా. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వచ్చే 'అర్జెంట్' ఆదేశానికి మాత్రం ఎవరూ కరెంటు నంబరు వెయ్యరు.