రేజ్ ఎక్కువ, లాగుడు తక్కువ: కోనసీమ మెకానిక్కుల నిర్ధారణ విద్య

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది గాని స్పీడోమీటరు ముల్లు యాభై దాటదు. గేర్లు లేని స్కూటర్లకు వచ్చే జబ్బుల్లో యజమానిని బాగా తికమక పెట్టేది, చేతకానివారి చేతిలో పడితే ఎక్కువ డబ్బు తినేది ఇదే. ఇంజన్‌లో శక్తి పుడుతూనే ఉందని, అది వెనుక చక్రానికి చేరేలోగా దారిలో ఎక్కడో చేజారుతోందని ఈ లక్షణం చెబుతుంది. సామాను మార్చకముందే ఆ చోటు ఏదో తేల్చి చెప్పడం ఒక విద్య. అమలాపురం, రాజోలు, కొత్తపేట సెంటర్లలో రేకుల షెడ్ల కింద, పుస్తకం ముట్టకుండా, చేతి అనుభవంతోనే ఆ విద్యను సాధించిన మెకానిక్కులు సాటిలేని పనివాళ్లు. గాజు గోడల వెనుక జరిగే ఖరీదైన సర్వీసు కన్నా ఈ షెడ్లలో జరిగే నిర్ధారణ ఎన్నోసార్లు మిన్న అని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

ఈ విద్య ఇక్కడ ఇంతగా పదునెక్కడానికి కోనసీమ నేలే కారణం. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ పరుచుకున్న ఈ సీమలో కొండ అన్నది లేకపోయినా స్కూటర్‌కు సుఖం లేదు. కొబ్బరికాయల బస్తా, రొయ్యల చెరువుకు మేత బస్తా, పశువులకు గడ్డిమోపు, వీటిలో ఏదో ఒకటి మోస్తూ అది కాలువ గట్లెక్కాలి. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి ఏటవాలు గట్టును నెమ్మదిగా ఎక్కాలి. సంక్రాంతి రోజుల్లో కొత్తపేట, జగ్గన్నతోట ప్రభల తీర్థాలకు పోయే జనం మధ్య నడక వేగంతో సాగాలి. 2022 జూలైలో గోదావరికి వచ్చినంత వరద వస్తే లంక గ్రామాల బళ్లలో బెల్టు పెట్టెలోకి ఒండ్రునీరు చేరుతుంది. వరద లేని రోజుల్లో సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తింటూనే ఉంటుంది. ఇన్ని రకాల దెబ్బలు తిన్న బళ్లను చూసిన చేతికి పనితనం రాక తప్పదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విమానాల రూపశిల్పి కొరాడినో డాస్కానియో ఇటలీలో రూపొందించిన వెస్పా 1946లో వెలువడింది. ఆ వంశానికి చెందిన బజాజ్ చేతక్ 1972 నుంచి మన ఊళ్లను ఏలింది. గేరు మార్చే పని మనిషికి లేకుండా బెల్టే వేగానికి తగినట్టు సర్దుకునే పద్ధతిని హాలెండ్‌కు చెందిన హబ్ వాన్ డోర్న్ 1958లో డాఫ్ కారులో నిలబెట్టాడు. 1984లో కైనెటిక్ హోండా దాన్ని మన రోడ్ల మీదికి తెచ్చింది, 2001లో వచ్చిన యాక్టివా ఇంటింటికీ చేర్చింది. అంతటి మేధావి అల్లిన యంత్రాన్ని, బడి మధ్యలో మానేసి షెడ్డులో చేరిన కుర్రవాడు విప్పి, తుడిచి, లోపం కనిపెట్టి, తిరిగి బిగిస్తున్నాడంటే అది చిన్న ఘనత కాదు.

జబ్బు అర్థం కావాలంటే ముందు ఆ యంత్రం నడక తెలియాలి. ఇంజన్ క్రాంకు చివర ఒక పుల్లీ, వెనుక చక్రం దగ్గర మరొక పుల్లీ, రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. ప్రతి పుల్లీకి ఎదురెదురుగా వాలుగా ఉండే రెండు ముఖాలుంటాయి. వాటిలో ఒకటి స్థిరం, రెండోది జరుగుతుంది. ముందు పుల్లీలో జరిగే ముఖం వెనుక సాధారణంగా ఆరు రోలర్లు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసిరివేయబడి, ర్యాంపు ప్లేటు అనే వాలు రేకుకు ఆనుకుని, ముఖాన్ని లోపలికి నెడతాయి. అప్పుడు బెల్టు ముందు పుల్లీలో అంచు వైపు ఎక్కుతుంది, వెనుక పుల్లీలో స్ప్రింగును అణచి లోతుకు దిగుతుంది. సైకిలుకు ముందు పెద్ద పళ్లచక్రం, వెనుక చిన్న పళ్లచక్రం వేసినప్పుడు కలిగే ఫలితమే ఇక్కడా కలిగి, ఇంజన్ అదే చుట్లు తిరుగుతున్నా బండి వేగం పెరుగుతుంది. వెనుక పుల్లీని ఆనుకునే క్లచ్ ఉంటుంది. దాని షూలు వేగానికి విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెలాంటి క్లచ్ బెల్లును పట్టుకుని చక్రాన్ని తిప్పుతాయి. రేజ్ ఎక్కువై లాగుడు తక్కువైందంటే బెల్టు ఎక్కవలసినంత ఎక్కడం లేదని గాని, ఎక్కినా పట్టు ఎక్కడో జారుతోందని గాని అర్థం. నిర్ధారణ అంతా ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడం చుట్టూ తిరుగుతుంది.

మంచి మెకానిక్ పెట్టె విప్పకముందే సగం తేలుస్తాడు. బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ ఆపి, వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తాడు. బ్రేకు పట్టేసినా, బేరింగు పోయినా, టైరులో గాలి తగ్గినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. వెనుక పుల్లీలో వాలు గాడులు, వాటిలో కదిలే పిన్నులు ఉంటాయి. వీటికి టార్క్ క్యామ్ అని పేరు. చక్రం మీద బరువు పెరిగిందని పసిగట్టి బెల్టును తిరిగి తక్కువ గేరు స్థితికి లాగడం దాని పని కనుక, బ్రేకు పట్టేసిన బండిలో కూడా ఇంజన్ అరుస్తుంది, వేగం రాదు. తరువాత చెవి పని. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, వాల్వులు బిగుసుకున్నా, సైలెన్సరులో మసి పేరుకున్నా వేగం తగ్గుతుంది గాని ఇంజన్ గొంతు కూడా విచ్చదు. గొంతు విచ్చి వేగం రాకపోతే తప్పు బెల్టు పెట్టెలో ఉన్నట్టు. చాలా స్కూటర్లకు చుట్లు చూపే మీటరు ఉండదు. ఆ మీటరు పని ఈ మెకానిక్కుల చెవి చేస్తుంది. బండి తమ ముందు నుంచి ఒక్కసారి పోతే చాలు, రోడ్డు పక్కన నిలబడి క్లచ్ జారుతోందో, బెల్టు ఎక్కడం లేదో చెప్పగలవారు కోనసీమలో ఉన్నారు.

పెట్టె విప్పాక జరిగే పరీక్షల్లో అన్నిటికన్నా అందమైనది సిరా గీత పరీక్ష. ముందు పుల్లీ ముఖాన్ని పెట్రోలుతో తుడిచి, ఆరనిచ్చి, మధ్య నుంచి అంచు వరకు స్కెచ్ పెన్నుతో ఒక గీత గీస్తారు. పెట్టె మూసి, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద బండిని పూర్తి రేజ్‌తో కొంత దూరం పోనిచ్చి, తెచ్చి మళ్లీ విప్పుతారు. బెల్టు రాసుకున్నంత మేర గీత చెరిగిపోయి, రాసుకోని చోట మిగిలి ఉంటుంది. గీత దాదాపు అంచు దాకా చెరిగిందంటే బెల్టు పూర్తిగా ఎక్కింది, కాబట్టి పట్టు వెనుక క్లచ్‌లోనో, జారుతున్న బెల్టులోనో పోతోంది. గీత సగంలోనే నిలిచిపోయి ఉంటే బెల్టును ఏదో ఆపుతోంది. పది రూపాయల పెన్నుతో, ఏ కంప్యూటరూ లేకుండా, దారి ఎడమకో కుడికో చీల్చి చూపే ఇంతటి పరీక్ష మరొకటి లేదు.

బెల్టును ఆపేవాటిలో మొదటి ముద్దాయి బెల్టే. అరిగి సన్నబడిన బెల్టు పైకి బాగానే కనిపిస్తుంది, పగుళ్లు కూడా ఉండకపోవచ్చు. పుల్లీ ముఖాల వాలు ఒక్కోవైపు 14, 15 డిగ్రీలు అనుకుంటే, బెల్టు వెడల్పు ఒక్క మిల్లీమీటరు తగ్గితే అది గాడిలో దాదాపు 2 మిల్లీమీటర్లు లోతుకు దిగుతుంది. ముందు 50, వెనుక 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మీద తిరగవలసిన బెల్టు అప్పుడు 48, 32ల మీద తిరుగుతుంది. లెక్క వేస్తే అవే చుట్లకు వేగం పదో వంతు పడిపోతుంది. అందుకే నిజమైన పనివాడు బెల్టును కంటితో చూసి వదలక వెర్నియర్ కాలిపరుతో కొలిచి, ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన హద్దుతో పోల్చి చూస్తాడు.

తరువాత రోలర్లు. గుండ్రంగా దొర్లవలసినవి ఒక పక్క పలకబారితే ర్యాంపు మీద మధ్యలోనే చతికిలబడి, ముఖాన్ని చివరిదాకా నెట్టవు. బరువు తక్కువ రోలర్లు వేస్తే నెట్టవలసిన బలం రావడానికి ఇంజన్ ఇంకా ఎక్కువ తిరగాలి. రోలర్లను బల్లమీద దొర్లించి, పలక ఎక్కడుందో బొటనవేలితో తడిమి చెప్పే మెకానిక్కుల చేతిస్పర్శ చూసి తీరవలసినది. ర్యాంపు ప్లేటు అంచుల్లోని ప్లాస్టిక్ ముక్కలు అరగడం, పుల్లీ జరిగే ఉక్కు బుష్షు ఉప్పుగాలికి తుప్పు పట్టడం కూడా ఇక్కడే బయటపడతాయి. వెనుక వైపు టార్క్ క్యామ్ గాడుల్లో పాత గ్రీజు ఎండి జిగురులా గట్టిపడితే పుల్లీ తెరుచుకోదు. ముందు పుల్లీని దోషిగా ఎంచి మూడుసార్లు సామాను మార్చినా తగ్గని జబ్బు చాలాసార్లు ఈ గాడిలోనే దాగి ఉంటుంది.

క్లచ్ జారుడుకు గుర్తులు వేరు. క్లచ్ బెల్లు లోపలి ముఖం వేడికి నీలిరంగు తిరగడం, షూలు అద్దంలా మెరవడం, కాలిన వాసన, ఎత్తు ఎక్కేటప్పుడు రేజ్ ఒక్కసారిగా పెరగడం. పెట్టెలోని ధూళి సైతం సాక్ష్యం చెబుతుంది: పొడి నల్లపొడి మామూలు అరుగుదల, జిగట ముద్ద అయితే క్రాంకు సీలో గేరుబాక్సు సీలో కారుతోంది, దారపు పోగులు కనిపిస్తే బెల్టు అంచు చిరుగుతోంది, గోధుమరంగు చార ఉంటే నీరు చేరింది. చేతక్ కాలం నాటి పెద్దలు ఇదే తర్కాన్ని గేరు బళ్ల మీద నేర్చుకున్నారు. క్లచ్ కేబులులో వదులు లేకపోయినా, కార్కు ప్లేట్లు అరిగినా నాలుగో గేరులో ఇంజన్ రేజై బండి మందగిస్తుందని వారికి కంఠతా తెలుసు.

పనివాడి అసలు స్థాయి తిరిగి బిగించేటప్పుడు తెలుస్తుంది. వెనుక పుల్లీని చేత్తో విప్పార్చి బెల్టును లోతుకు దింపి, ముందు వైపు వదులు చూసుకున్నాకనే నట్టు బిగించాలి. అలా చేయకపోతే బెల్టు స్థిర ముఖానికి, బుష్షుకు మధ్య నలుగుతుంది. నట్టు బిగిసినట్టే అనిపించి, కొన్నాళ్లకు వదులై, క్రాంకు పళ్లను అరగదీసి ఇంజన్‌కే ఎసరు పెడుతుంది. ఆ ఒక్క నిమిషం ఓపిక చూపేవాడు గురువు.

ఇంతటి విద్య నేడు చౌక సామాను చేతిలో చితికిపోతోంది. అసలు కంపెనీ డబ్బాను అచ్చం పోలిన డబ్బాలో, అదే రంగుల్లో, సగం ధరకు నకిలీ బెల్టులు వస్తున్నాయి. వాటి రబ్బరు వేడికి సాగుతుంది, లోపలి దారం నాసిరకం, వెడల్పు మొదటి రోజునే తక్కువ. ఆరు రోలర్లు ఆరు బరువులు తూగే సెట్లను కొన్నవాడు కొత్త సామాను వేశాక కూడా రేజ్ తగ్గలేదని మెకానిక్‌ను తిడతాడు. అంతకన్నా బాధాకరం, నిర్ధారణ మానేసి పుల్లీ, బెల్టు, రోలర్లు, క్లచ్ అన్నీ ఒకేసారి మార్చి వేల రూపాయల బిల్లు చేతిలో పెట్టే అలవాటు. ఇది వైద్యం కానే కాదు, దోపిడీ. పుల్లీ రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి సుత్తితో కొట్టి నట్టు విప్పేవారు, పుల్లీ ముఖాల మీద గ్రీజు పూసేవారు, గాలి మరతో నట్టు బిగించి పంపేవారు ఈ వృత్తికి తెచ్చే చెడ్డపేరును మంచివారు మోయవలసి వస్తోంది. పిల్లలు ఈ పని నేర్వడానికి రావడం లేదని షెడ్ల యజమానులు వాపోతున్నారు. నిర్ధారణకు పైసా ఇవ్వక, మార్చిన సామానుకే డబ్బిచ్చే సమాజంలో ఎందుకు వస్తారు?

ఇది మారాలి, మార్చడం మన చేతిలోనే ఉంది. బండి యజమానులు పరీక్షకు విడిగా కూలి ఇవ్వాలి, తీసిన పాత సామాను చూపమని అడగాలి, కారణం చెప్పించుకోవాలి. ఐటీఐలు ఈ మెకానిక్కులను అతిథి గురువులుగా పిలిచి సిరా గీత పరీక్షను పాఠంలో చేర్చాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. వాహనరంగం అందులో భాగమే. ఆ హక్కు కాగితం మీద నిలిచిపోకుండా, ప్రతి మోడల్ సర్వీసు కొలతలను కంపెనీలు తెలుగులో అచ్చువేసి వీధి మెకానిక్కుకు అందించాలి. కాలిపరు, కొలతల పుస్తకం, నిఖార్సయిన బెల్టు, తగిన కూలి, ఈ నాలుగూ అందితే కోనసీమ మెకానిక్ ఏ దేశపు నిపుణుడికీ తీసిపోడు. అవి అందించకుండా అతని విద్య అంతరిస్తోందని తరువాత విచారించే అర్హత ఎవరికీ ఉండదు.