టేపు కింద జాయింటు

ఇల్లు కాలిపోయిన వార్త ఏ పేపర్లో చదివినా చివరికి వచ్చే మాట ఒకటే: షార్ట్ సర్క్యూట్ అని అనుమానం. నిజంగా షార్ట్ సర్క్యూటే అయితే మంచి ఎంసీబీ రెప్పపాటులో పడిపోతుంది. దాని కంటపడకుండా తప్పించుకునేది లూజ్ కనెక్షన్.

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ సరిగ్గా బిగియక అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. ఆ ఒక్క చోటే 35 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీలు. ఎంసీబీ మాత్రం కదలదు. కరెంటు పెరగలేదు కదా, పైగా పిసరంత తగ్గింది. ఆర్‌సీసీబీ కనిపెట్టేది ఎర్తులోకి లీకయ్యే కరెంటును, కాబట్టి అదీ ఊరుకుంటుంది.

ముందుగా పసిగట్టేది ముక్కే. స్విచ్ బోర్డు దగ్గర నీచు వాసన, నల్లబడిన ప్లగ్ పిన్ను, ఊరికే మిణుకుమనే లైటు. సాకెట్ ఒక్కటే మారిస్తే చాలదు. మాడిన తీగ చివరను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి.

పని తెలిసిన ఎలక్ట్రీషియన్ తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగూ తెగదు. పోగులు మెలిపెట్టి, చివర మడిచి, టెర్మినల్లో దూర్చి బిగించాక ఒకసారి లాగి చూస్తాడు. తెలియనివాడు రెండు తీగలు మెలేసి టేపు చుట్టేస్తాడు. టేపు ఎంత మందంగా ఉంటే అంత అనుమానించాలి. కొందరు పోగులకు సోల్డర్ పూసి స్క్రూ కింద పెడతారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ, ఒత్తిడికి సోల్డర్ మెల్లగా సాగి కొన్నాళ్ళకు పట్టు వదులుతుంది.

అమెరికాలో 1960ల్లో రాగి ధర పెరిగి ఇళ్ళకు అల్యూమినియం తీగలు లాగారు. 1972కు ముందు తయారైన ఆ తీగలున్న ఇళ్ళలో కనెక్షన్లు నిప్పు పుట్టేంత వేడెక్కే అవకాశం, రాగి తీగల ఇళ్ళకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారు భద్రతా కమిషన్ తేల్చింది. గొడవంతా జాయింట్ల దగ్గరే. మన పాత ఇళ్ళలోనూ అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగ నేరుగా మెలేసి ఏసీ నడిపిస్తుంటారు.

ఇప్పుడేమో ఫాల్స్ సీలింగుల కాలం. అందం పైకి, జాయింట్లు దాని వెనక్కి. జాయింటు ఎక్కడున్నా మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సులో ఉండాలి. సీలింగ్ మూసేముందు ఏ బాక్సు ఎక్కడుందో ఫోన్లో ఫొటోలు తీసుకోమని ఇంటివాళ్ళకు చెప్పే కాంట్రాక్టర్లు తక్కువ. అడిగితే మాత్రం కాదనరు.