కారంపూడి లేకుండా పల్నాటి కథ

పల్నాటి వీరుల కథ అనగానే మనకి గుర్తొచ్చేది శ్రీనాథుడి ద్విపద, లేదంటే 1966లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా. జీన్ రోఘైర్ 1982లో అచ్చేసిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ చదివాక, ఇన్నాళ్లూ నాకు తెలిసింది కథ సారాంశమేనని అర్థమైంది.

రోఘైర్ అనువదించింది అలిసెట్టి గాలెయ్య పాడిన కథని. పాడేవాళ్లని వీరవిద్యావంతులంటారు, మాలలు. కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు, నాగులేటి ఒడ్డున కారంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. ఏ రోజు ఘట్టం ఆ రోజుదే. అంటే పాటకి క్రమం పెట్టేది గాయకుడొక్కడే కాదు, ఊరూ తిథీ కూడా. వినేవాళ్లలో మొక్కు తీర్చుకోడానికి వచ్చినవాళ్లుంటారు. యూట్యూబ్ క్లిప్పులో గొంతు దొరుకుతుంది కానీ ఇదంతా ఎక్కడ దొరుకుతుంది?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకోటి. కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనీ ఒక్క చాప మీద కూర్చోబెడతాడు, మాల కన్నమదాసుని సేనాపతిని చేస్తాడు. ఆ సమానత్వాన్ని తరతరాలుగా పాడుతూ వచ్చింది ఊరు వెలివాడలో ఉంచిన మనుషులు. మందపోరు నాడు కారంపూడిలో ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు. చాప మడిచేశాక ఏమవుతుందో పాడేవాళ్లకి తెలుసు. పుస్తకంలో నేను చదవలేకపోయింది అదే.