ఫొటోలో కనపడని తడి

బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనలన్నీ ఒకే కథ చెప్తాయి. ఎడమవైపు ఫొటోలో లావుపాటి స్త్రీ, మొహంలో నవ్వుండదు. కుడివైపు అదే మనిషి సన్నబడి, వదులైపోయిన పాత ప్యాంటు నడుము ముందుకి లాగి చూపిస్తూ నవ్వుతుంటుంది. మధ్యలో ఒక బాణం గుర్తు. ఈ బొమ్మని కూడా కథనో కవితనో చదివినట్టు చదవాలని నాకు మా వదిన వల్ల తోచింది.

వదినకి స్లీవ్ ఆపరేషన్ అయింది. జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగం తీసేశారు. ఏడాదిలో ముప్పై కిలోలు తగ్గింది. ఒక పెళ్ళిలో చూసిన చుట్టాలంతా గుర్తుపట్టలేకపోయామన్నారు. ఆ రాత్రి నా పక్కన పడుకుని తను చెప్పిన సంతోషం మాత్రం వేరు. "తుమ్మొస్తే భయం వెయ్యడం లేదు, తెలుసా" అంది. ఇన్నేళ్ళూ తను ముదురు రంగు చీరలే ఎందుకు కట్టిందో, ప్రయాణమంటే ముందురోజు నుంచే మంచినీళ్ళెందుకు మానేసేదో, ఎవరింటికెళ్ళినా సోఫా వదిలేసి ప్లాస్టిక్ కుర్చీ ఎందుకు లాక్కునేదో నాకప్పుడు అర్థమైంది. కుడివైపు ఫొటోలో ఈ సంతోషానికి చోటు లేదు. చూసేవాళ్ళకి నడుము కావాలి గానీ తుమ్ము ఎందుకు?

వైద్యులకి ఈ సంగతి తెలియదని కాదు. 2015లో లెస్లీ సుబాక్, ఆమె సహచరులు 'జామా ఇంటర్నల్ మెడిసిన్'లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో పది ఆస్పత్రుల్లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్న 1,987 మంది మీద చేసింది, వాళ్ళలో 1,565 మంది స్త్రీలే. ఆపరేషన్‌కి ముందు 49.3 శాతం స్త్రీలకి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉంది. ఏడాది తర్వాత అది 18.3 శాతానికి దిగింది. ఇది నిజంగా పెద్ద మేలు, కాదనను. కానీ మూడో ఏటికి మళ్ళీ 24.8 అయింది. పరిశోధకులు ఈ అంకెని దాచలేదు. ప్రకటనల కథే మొదటి ఏడాదితో ముగిసిపోతుంది.

ఇంకోటి. ఆ లెక్కలో చేరాలంటే కనీసం వారానికోసారైనా మూత్రం కారాలి. పదిరోజులకోసారి కారేవాళ్ళు ఆ గడప దాటి రారు. కానీ ఆ ఒక్కసారి ఎప్పుడో తెలియకే కదా మిగిలిన తొమ్మిది రోజులూ నీళ్ళు మానేసేది!

వదినకి రెండో ఏడు తిరిగేసరికి మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా "ముందు బరువు తగ్గండమ్మా, అదే పోతుంది" అనేవాళ్ళు. బరువు తగ్గింది. లక్షలు ఖర్చయ్యాయి. ఇప్పుడింకా ఉందంటే ఏమనుకుంటారు? ప్రతి ప్రశ్నకీ లావే జవాబైన చోట, లావు పోయాక మిగిలిన ప్రశ్నని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి?

కటి అడుగున ఉండే కండరాలు నవారు మంచంలాంటివి. గర్భసంచినీ, మూత్రాశయాన్నీ, మలద్వారం పైభాగాన్నీ మోస్తాయి. మంచం మీద బరువు దించితే నవారుకి తెరిపే. కానీ కాన్పులో సాగి తెగిన పోగు బరువు దించినంత మాత్రాన అతుక్కోదు. పైగా ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి, మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మలబద్ధకంతో ముక్కితే ఆ కండరాల మీదే భారం. బైపాస్ రకం ఆపరేషన్ తర్వాత కొందరికి విరేచనాలు పలచనై ఆపుకోవడం కష్టమవుతుంది. ఆ కండరాలని బిగించి వదిలే వ్యాయామం గురించి ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. వదినకి ఆస్పత్రిలో ఇచ్చిన కాయితాల్లో ప్రొటీన్ పొడి గురించి రెండు పేజీలున్నాయి, దీని గురించి ఒక్క వాక్యం లేదు.

వాళ్ళని అనడం తేలిక. మన సంగతేమిటి? 'నీలి మేఘాలు' వచ్చిన 1993 నుంచీ శరీరం గురించి మాట్లాడుతూనే ఉన్నాం. పైట, చూపులు, వంటిల్లు అన్నీ కవిత్వంలోకి వచ్చాయి. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' రాసి ఆ గది తలుపు తీసింది. ఆ గదిలోంచి బయటికొచ్చిన మనిషి నలభై అయిదేళ్ళ వయసులో బస్సులో దగ్గొస్తే ఏం చేస్తుందో మాత్రం మన కథల్లో నాకు పెద్దగా కనపడలేదు. వక్షోజాల గురించి రాయడానికి తెచ్చుకున్న తెగువ తడిసిన లంగా దగ్గరికొచ్చేసరికి ఏమైంది? కోపం రాయొచ్చు, కోరిక రాయొచ్చు, వాసన రాయకూడదా? ఆ కండరాలకి ఇంట్లో మాట్లాడుకునే పేరు కూడా లేదు. "కింద" అంటాం, "అక్కడ" అంటాం.

వదినని చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. బరువు సంగతి ఎత్తలేదు. "మొదటి కాన్పు ఎలా అయింది ఆంటీ? బిడ్డ బరువెంత?" అని అడిగింది.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. వదిన గుర్తు చేసుకోడానికి కాసేపు పట్టింది. "నాలుగు కిలోలమ్మా. ఫోర్సెప్స్ వేసి లాగారు" అంది.