సనదు లేని సమాధానాలు

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత జెమినీ, క్లాడ్, డీప్‌సీక్ మొదలైనవి బయలుదేరాయి. మెటా ఏఐ వాట్సాప్‌లోకే వచ్చి కూర్చున్నది. మునుపు బ్యాంకు దరఖాస్తు రాయించుకోవటానికి చదువుకున్న పొరుగువాణ్ణి ఆశ్రయించిన వ్యాపారి నేడు ఫోనును అడుగుతున్నాడు. మద్రసా లెక్కలు, ఉర్దూ ఉత్తరానికి తెలుగు, పిల్లవాడి సెలవు చీటీ, చివరికి వారసత్వపు వాటాలు కూడా అక్కడికే చేరాయి. ఈ పరిస్థితిలో వీటిలో ఏది మంచిదనే ప్రశ్న సహజమే. కాని దానికి సాధారణంగా వినవచ్చే సమాధానాలు తృప్తికరంగా లేవు. ఏది వేగంగా పలుకుతుంది, ఏది ఉచితం, ఏది పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నది అన్న దగ్గరే విమర్శ ఆగిపోతున్నది. చెప్పిన మాటకు ఆధారమెక్కడ అని అడిగేవారు తక్కువ.

ముస్లిం పాఠకునికి ఈ విషయంలో పరాయి కొలబద్ద అవసరం లేదు. హదీసువేత్తలు ఉల్లేఖకుణ్ణి రెండు గుణాలతో తూచారు: అదాలత్, జబ్త్. అదాలత్ అంటే ఇక్కడ న్యాయస్థానం కాదు, నడవడిలోని నిజాయితీ. జబ్త్ అంటే విన్నదాన్ని విన్నట్టు నిలుపుకొని తిరిగి అలాగే అప్పగించగల శక్తి. ఎంత దైవభీతిపరుడైనా జబ్త్ లోపిస్తే అతని ఉల్లేఖనాన్ని వారు పక్కన పెట్టారు. అతడు అబద్ధికుడని దాని అర్థం కాదు. నేడు యంత్రాలపై జరిగే వాదంలో చాలా భాగం అవి అబద్ధమాడుతాయా లేదా అన్న చోట చిక్కుకుపోయింది. చూడవలసింది జబ్తును. యంత్రం తాను చదివిన గ్రంథాలను గ్రంథాలుగా దాచుకోదు. ఏ మాట తరువాత ఏ మాట రావటానికి అవకాశం ఎక్కువో అపారమైన రచనల నుండి నేర్చుకొని, ఆ పోలికతో కొత్త వాక్యాన్ని అల్లుతుంది. అందుచేత దాని నోట హదీసు సంఖ్య కూడా నిజమైన సంఖ్యలాగే వెలువడుతుంది. అది నిజమైనదే కావచ్చు, కాకపోనూ వచ్చు.

దీనికి న్యాయస్థానంలోనే ఒక నిదర్శనం దొరికింది. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన ప్రయాణికుని దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించారు. వాటిలో ఆరు అసలు లేనే లేవు. విచిత్రమేమంటే, తీర్పు నిజమైనదేనా అని న్యాయవాది ఆ యంత్రాన్నే అడిగాడు. నిజమైనదేనని అది బదులిచ్చింది. ఉల్లేఖకుని విశ్వసనీయతకు ఆ ఉల్లేఖకుడే సాక్షి! న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించాడు. ఇప్పుడు కొన్ని యంత్రాలు ఇంటర్నెట్‌లో వెదికి లింకులు కూడా చూపుతున్నాయి. ఇది మెరుగే. అయితే లింకు ఉన్నంత మాత్రాన ఆ పుటలో ఆ మాట ఉన్నట్టు కాదు. తెరిచి చూడవలసిందే.

ఒకసారి బాగా చెప్పిందని ఎల్లకాలం నమ్మటమూ పొరపాటే. ఈజిప్టు ఖాజీ ఇబ్ను లహీఆ (మరణం హి. 174) గ్రంథాలు కాలిపోయాయని చెబుతారు. పలువురు హదీసువేత్తలు ఆయన వద్ద ముందు కాలంలో విన్నవారి ఉల్లేఖనాలను, తరువాత విన్నవారి ఉల్లేఖనాలను వేరుగా చూశారు. మనిషి అతడే, పేరు అదే, జ్ఞాపకం వేరు. యంత్రాల విషయంలో ఇది మరింత అవసరం. పేరు మారకుండానే లోపలిది మారుతూ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ఓలో చేసిన ఒక మార్పును, అది అడిగినవారిని అతిగా పొగుడుతున్నదన్న కారణంతో కొద్ది రోజులకే వెనక్కు తీసుకున్నది.

కనుక ఎంపిక చేసుకొనేవారు జవాబు ముందే తెలిసిన ప్రశ్నను అడగటం మేలు. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమార్తెలను, తల్లిని, తండ్రిని విడిచి మరణించాడు. వాటాలు వరుసగా 1/8, 2/3, 1/6, 1/6. ఆస్తిని 24 భాగాలు చేస్తే 3, 16, 4, 4 కలిసి 27 అవుతాయి. సున్నీ ఫిఖ్‌హ్‌లో దీనిని అవ్‌ల్ పద్ధతిపై 27 భాగాలుగానే పంచుతారు. భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతవుతుంది. హజ్రత్ అలీ (రజి) మింబరుపై నుండే ఈ జవాబు చెప్పారని ప్రసిద్ధి. ప్రసిద్ధమైనది గనుక యంత్రం దీనిని అప్పజెప్పవచ్చు. అప్పుడు ఒక కుమార్తెను తగ్గించి అడగాలి. భార్యకు 3, కుమార్తెకు 12, తల్లికి 4, తండ్రికి తన వాటా 4తో పాటు మిగిలిన 1 కలిపి 5 రావాలి. మొత్తం సరిగ్గా 24. సరైన జవాబు వచ్చాక కూడా "నీ లెక్క తప్పు" అని ఒకసారి అనాలి. వెంటనే క్షమాపణ చెప్పి లెక్క మార్చేసే యంత్రానికి ఆస్తి పంపకం అప్పగించరాదు.

ఈ పరీక్ష తెలుగులోనే చేయాలి. ఇంగ్లీషులో నెగ్గినది తెలుగులో నెగ్గాలని లేదు. యంత్రం వాక్యాన్ని ముక్కలుగా కోసి చదువుతుంది. 2024 మే నెలలో ఓపెన్‌ఏఐ స్వయంగా ప్రకటించిన నమూనాలో ఒకే తెలుగు పాఠం పాత పద్ధతిలో 159 ముక్కలైతే కొత్త పద్ధతిలో 45కు తగ్గింది. ముక్కలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఒక్కసారికి ఇవ్వగల పాఠం తగ్గుతుంది. ఇక శైలి సంగతి. ఉర్దూ ఉత్తరాన్ని ఇస్తే అర్థం చాలావరకు తెస్తుంది. అందులోని మర్యాద మాత్రం దారిలో జారిపోతుంది. పెద్దవారికి రాసిన జాబు సర్కారు నోటీసులా తయారవుతుంది.

అయితే ఇవి పనికిరానివనటం అన్యాయం. తన దగ్గర ఉన్న విషయాన్నే ఇచ్చి తీర్చిదిద్దమంటే ఇవి బాగా పని చేస్తాయి. సుదీర్ఘమైన నివేదికను కుదించటం, చిందరవందరగా ఉన్న చందాల పట్టీని క్రమంలో పెట్టటం, దరఖాస్తుకు ముసాయిదా రాయటం ఇట్టివే. ఇక్కడ అసలు ప్రతి అడిగినవారి చేతిలోనే ఉంటుంది. తప్పు దొర్లితే పక్కపక్కన పెట్టి పట్టుకోవచ్చు. హదీసు మూలం, ఫత్వా, మందు మోతాదు అడిగినప్పుడు ఆ అసలు ప్రతి చేతిలో ఉండదు.

అమానతు సంగతి మరచేవారే ఎక్కువ. ప్రభుత్వ పత్రాల గోప్యతను ఉద్దేశించి భారత ఆర్థిక మంత్రిత్వశాఖ 2025 జనవరిలో తన ఉద్యోగులను ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని ఆదేశించింది. జకాత్ పుచ్చుకొనే వితంతువు పేరు, ఆమె అప్పు, ఆమె కుమార్తె వ్యాధి కమిటీ వద్ద ఉన్న గోప్యాలు. పట్టీని యంత్రానికి ఇచ్చే ముందు పేర్లకు బదులు 1, 2, 3 అని వేస్తే లెక్క అంతే సరిగా వస్తుంది. ఏ అంకె ఎవరిదో చెప్పే కాగితం కార్యదర్శి బీరువాలో ఉంటుంది.