అతిథులు రాకముందే తప్పుకునే ఆతిథ్యం

క్లీ ఎలమ్‌లో పుట్టినరోజు వేడుక తాళాలు సరిచూసుకోవడంతో మొదలవుతుంది. చింపాంజీలను పక్క గదుల్లోకి పంపి, మధ్య తలుపులు మూసి, ప్రతి తాళం సరిగ్గా పడిందో లేదో మరోసారి చూసుకున్నాకే సంరక్షకులు ఆట గదిలో అడుగుపెడతారు. అక్కణ్ణుంచి పని చకచకా సాగాలి. గది శుభ్రం చెయ్యాలి, కాగితపు గొలుసులు కట్టాలి, పొట్లాలు సర్దాలి, తమ వెంట తెచ్చిన సామాను ఏదీ లోపల మిగలకుండా చూసుకోవాలి. అవతల ఉన్న అతిథులకు ఓపిక తక్కువ. ఏదో జరుగుతోందని వాటికి ఎప్పుడో తెలిసిపోయింది. కూతలు పెడతాయి, తలుపులు దబదబా బాదుతాయి. అంతా సిద్ధమయ్యాక మనుషులు బయటికొచ్చి తాళం వేసుకుని, అప్పుడు తలుపు తెరుస్తారు. ఎవరి కోసం విందు చేశారో వాళ్ళ పంక్తిలో మాత్రం కూర్చోరు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నుంచి కాస్కేడ్ పర్వతాలు దాటి తూర్పుకు వెళితే వచ్చే చిన్న ఊరు క్లీ ఎలమ్. 2003లో ఏర్పడిన ‘చింపాంజీ శాంక్చువరీ నార్త్‌వెస్ట్’ అక్కడ ఉంది. 2008 జూన్ 13న పెన్సిల్వేనియా నుంచి ఏడు చింపాంజీలు అక్కడికి చేరాయి: ఆనీ, బర్రీటో, ఫాక్సీ, జేమీ, జోడీ, మిస్సీ, నెగ్రా. అప్పటిదాకా అవి ఉన్నది కిటికీలు లేని నేలమాళిగలో. హెపటైటిస్ టీకాల ప్రయోగాలకూ పిల్లల్ని కనడానికీ దశాబ్దాల పాటు వాడుకున్న జంతువులవి. కాలిఫోర్నియాలో ఒక ఆశ్రయం మూతపడ్డాక అక్కడి నుంచి మరికొన్ని తర్వాత వచ్చాయి.

ఇలాంటి వాటికి పుట్టినరోజు చెయ్యాలంటే మొదటి చిక్కు తేదీ. నెగ్రాను పసితనంలోనే ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చారు. అడవిలో పుట్టిన పిల్ల ఏ రోజున పుట్టిందో ఎవరు రాసి పెడతారు? ఏడాదైనా అంచనాగా చెప్పాల్సిందే. అందుకే అక్కడ తిరుగులేని తేదీ ఒకటుంది: జూన్ 13. ఏడింటికీ ఉమ్మడి పండుగలాగా ఏటా దాన్ని జరుపుతూ వచ్చారు. నాకైతే ఈ లెక్కే బాగుందనిపించింది.

పనితనం ఎక్కడుందో చూడాలంటే ఒక కాగితం సంచి చాలు. మామూలు గోధుమరంగు సంచి. అడుగున పెంకు తియ్యని వేరుశనగలు నాలుగు, పైన చింపిన కాగితం దట్టంగా, ఆ కాగితంలో ఎక్కడో మరో చిన్న పొట్లం, అందులో ఎండు పండు ముక్క. సంచి మూతిని మెలిపెడతారు గానీ స్టేపుల్ పిన్ను కొట్టరు. అట్టపెట్టె అయితే దాని మీది టేపు ఒలిచేస్తారు. ఏది అతికించినా పిండి జిగురే, ఎందుకంటే కానుకతో పాటు కాగితాన్నీ నమిలి చూసే అతిథులు ఇవి. బెలూన్లకు ఇక్కడ చోటు లేదు. పగిలిన రబ్బరు ముక్క గొంతుకు అడ్డం పడుతుంది.

ఇన్ని పొరలెందుకు? అడవిలో చింపాంజీ మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం తిండి వెతుక్కోవడానికీ తినడానికీ పోతుంది. చెదల పుట్టలోకి పుల్ల దూర్చి చెదలను బయటికి లాగే తెలివి వాటిది. 1960లో ఆఫ్రికాలోని గోంబేలో పరిశోధకురాలు జేన్ గూడాల్ చూసి ప్రపంచానికి చెప్పింది అదే. అంతటి చేతులకు తొక్క తీసిన అరటిపండు అందిస్తే పని క్షణంలో అయిపోతుంది, మిగతా రోజంతా ఖాళీ. సంరక్షకులు ఇచ్చే అసలు కానుక ఆ వెతుకులాట. పైగా మనం సాగుచేసే పండ్లలో అడవి పండ్లకన్నా తీపి ఎక్కువ, కాబట్టి విందు పేరుతో పండ్లు కుప్పపొయ్యరు. కూరగాయలే ఎక్కువ, తీపి రవ్వంత, కేకు ఉన్నా పేరుకే కేకు.

ఆ తర్వాత పంపకం. చింపాంజీల గుంపులో పెత్తనం ఉంటుంది, బలవంతులు ముందు లాక్కుంటారు. పెళ్ళి పంక్తిలో చివరి ఆకు దాకా బూరె చేరేలా చూసే మంచి వడ్డనగాడి చూపు ఇక్కడ కావాలి. ఒకే రకం సంచులు తలకొకటి కన్నా ఎక్కువ చేస్తారు, ఒక్కచోట పెట్టకుండా గది నాలుగు మూలలా, కిందా పైనా పెడతారు. మొహమాటస్తురాలికి ఇష్టమైన పై అరుగు మీద కూడా ఒకటి ఉండాలి. పెత్తందారు రెండు చంకల్లో, నోట్లో, కాలి వేళ్ళతో పట్టుకున్నా ఇంకా మిగలాలి. ఈ లెక్క ఎక్కడా రాసి ఉండదు. ఎవరు ఎవరి పక్కన తింటారో రోజూ చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఎవరికేది ఇష్టమో తెలిసి ఉండటం మరో ఎత్తు. ఫాక్సీకి జుట్టు నిక్కబొడుచుకున్న ట్రోల్ బొమ్మలంటే ప్రాణంగా ఉండేది. తను కన్న పిల్లలందరినీ ల్యాబు కాలంలో దూరం చేశారు; ఇక్కడికి వచ్చాక ఆ బొమ్మల్ని వీపున వేసుకుని, నోట కరుచుకుని తిరిగేది. ఈ రెండింటికీ ముడిపెట్టి కథ చెప్పడం తేలికే గానీ, దాని మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? బొమ్మ ఇస్తే తీసుకునేది, అంతవరకు తెలుసు. చిన్నప్పుడు వినోద రంగంలో శిక్షకుల దగ్గర పెరిగిన జేమీకి బూట్ల పిచ్చి. కౌబాయ్ బూట్లు ముందేసుకుని పరిశీలించేది. సంరక్షకులు ఆ బూట్లు తొడుక్కుని, కంచె బయట తనతోపాటు నడిస్తేనే తృప్తి. నెగ్రాకు దుప్పట్లు, పప్పులు, కాస్త ఏకాంతం ఉంటే సరిపోయేది. అలాంటి అతిథిని సందడిలోకి లాగకుండా వదిలెయ్యడానికి కూడా ఒడుపు కావాలి.

తలుపు తెరిచాక జరిగేది నిమిషాల మీద తేలిపోతుంది. తిండి కూతలు, ఒకదాన్నొకటి కౌగిలించుకోవడాలు, మగది వెంట్రుకలు నిక్కబొడుచుకుని పెట్టెను గోడకేసి కొట్టడం. పొద్దున్నంతా కూర్చుని కత్తిరించిన గొలుసు మొదటి విసురుకే నేల మీదుంటుంది. చింపడానికే చేసిన అలంకారం కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. ఎంత బాగా చిరిగితే అంత బాగా చేసినట్టు.

లండన్ జూలో 1926 నుంచి 1972 దాకా చింపాంజీల టీ పార్టీలు నడిచాయి. చిన్న చింపాంజీలను బల్ల ముందు కూర్చోబెట్టి కప్పులు, పళ్ళేలు ఇచ్చేవారు. అవి మర్యాదగా తాగడం ఎంత చక్కగా నేర్చుకున్నాయంటే జనానికి నవ్వు రాకుండా పోయింది. చివరికి అల్లరి చెయ్యమని వాటికి మళ్ళీ తర్ఫీదు ఇవ్వాల్సి వచ్చింది! అక్కడ చింపాంజీ మనిషిలా కూర్చోవాలి. క్లీ ఎలమ్‌లో మనిషి చింపాంజీలా ఆలోచించాలి. మన హైదరాబాద్ జూలో సూజీ అనే చింపాంజీకి జరిపిన పుట్టినరోజుల వార్తలు పత్రికల్లో చదివే ఉంటారు. అలాంటి ఫొటోల్లో మన చూపు కేకు మీదికి పోతుంది. పొట్లం కట్టిన చెయ్యి ఫొటోలో పడదు.

బందీగా ఉన్న వానర జాతుల మానసిక క్షేమం చూడాలని అమెరికా చట్టం చెప్పడం 1985 సవరణతో మొదలైంది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు చింపాంజీల మీద వైద్య పరిశోధనకు స్వస్తి చెప్పింది 2015లో. చట్టం క్షేమం కోరగలదు గానీ, సంచిలో ఎన్ని పొరలుండాలో చెప్పలేదు కదా.

పాఠకులకు ఒక్క మనవి. చింపాంజీకి చొక్కా తొడిగి, టోపీ పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని కేకు కోయించే వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతుంటాయి. చింపాంజీ పక్కన మనిషి ఉన్న ఫొటో చూసినవాళ్ళు అడవుల్లో ఆ జాతికి ఢోకా లేదని అనుకునే అవకాశం ఎక్కువని 2011లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. నిజానికి అది అంతరించే ముప్పున్న జాతి. కాబట్టి ఈసారి అలాంటి వీడియో వస్తే ముందు మనిషి ఎక్కడున్నాడో చూడండి. కంచెకు ఇవతల ఉంటే నలుగురికీ పంపండి. చింపాంజీని ఎత్తుకుని ఉంటే మీ దగ్గరే ఆపెయ్యండి.